పెరుగులో బీట్‌రూట్ గులాబివన్నె ఎందుకు?

అరటిపండును గడ్డపెరుగుతో చేర్చి మిక్సీలో త్రిప్పిన స్మూతీ పాలిపోయి కనబడుటచే బాలలు దానిని ముట్టకున్నచో, సీసాలోని కృత్రిమవర్ణముతో పనిలేదు. అంగుళమంత పచ్చి బీట్‌రూట్ ముక్కను తురిమి వేసిన చాలును. ఆ దుంప కణములలో దాగియున్న బెటానిన్ అను రంగుద్రవ్యము నీటిలో కరుగు స్వభావము గలదగుటచే, మిక్సీ కత్తులకు కణములు చిట్లగానే అంతటను వ్యాపించి, తెల్లని పెరుగునకు గులాబివన్నె తెచ్చును. పెరుగులోని పులుపు ఆ వన్నెను నిలుపును గాని వేడి దానిని చెఱచును, కావున దుంపను ఉడికింపకుండుటే మేలు.

నేరేడుగుజ్జు ఊదావన్నె నిచ్చును. నాకు మిక్కిలి ప్రియమైనది ఇదియే, ఏలయన అందలి ఆంథోసయనిన్ అను రంగుద్రవ్యము నిమ్మరసము పడినంతనే మఱింత ఎఱ్ఱబారుటను పిల్లలు కన్నులార చూడగలరు. పాలకూరను మాత్రము బీట్‌రూట్‌తో కలుపవలదు. ఎరుపు, ఆకుపచ్చ కలిసి మట్టిరంగే మిగులును. బీట్‌రూట్ తిన్న మరునాడు కొందఱికి మూత్రము ఎఱ్ఱనగును. అది ఆ బెటానినే, భయపడనక్కరలేదు.