ఫెర్టిగేషన్ స్వయంచాలనలో దూరస్థ ఇన్‌పుట్, అవుట్‌పుట్ మాడ్యూళ్ల ప్రారంభం

బిందు సేద్య స్వయంచాలనలో నియంత్రిక పంపు గదిలోను, వాల్వులు, తేమ సెన్సార్లు పొలంలోను ఉంటాయి. వీటిని కలిపే మాడ్యూళ్లను తొలిసారి ప్రారంభించేటప్పుడు ఎరువుల పంపుకు విద్యుత్తు నిలిపివేయాలి. మోడ్‌బస్ ఆర్‌ఎస్-485 తీగపై ప్రతి మాడ్యూలుకు 1 నుండి 247 లోపు వేరొక చిరునామా ఇవ్వాలి. 120 ఓమ్‌ల నిరోధకాన్ని తీగ రెండు కొసలలో మాత్రమే అమర్చాలి. 4–20 మిల్లీ ఆంపియర్ల సెన్సారులో 4 కనిష్ఠ కొలత. సున్నా వస్తే అది ఎండిన నేల కాదు, తెగిన తీగ. ప్రోగ్రాము ఈ తేడాను గుర్తించకుంటే తడిసిన మడికే మళ్లీ నీరు పారుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనదీ, తరచుగా విస్మరించేదీ సమాచార తీగను ఊడదీసి చూసే పరీక్ష. సంబంధం తెగినప్పుడు అవుట్‌పుట్ చివరి స్థితిలోనే నిలిచేలా మాడ్యూలు అమరి ఉండవచ్చు. అప్పుడు నీరు ఆగినా ఎరువుల పంపు నడుస్తూ గాఢ ద్రావణాన్ని లేటరల్ పైపుల్లోకి నెట్టవచ్చు. వాచ్‌డాగ్ గడువు ముగియగానే ఆ అవుట్‌పుట్ ఆగేలా అమర్చి, ఎరువుల తొట్టిలో మంచినీరు పోసి నడుపుతూ తీగ ఊడదీసి నిర్ధారించుకోవాలి.