‘34 ఇవ్వండి’ అనే ముందు టేపు తీయండి!

మా పిన్నికి విజయవాడలో చిన్న లేడీస్ స్టోర్ ఉంది. గాజులు, రిబ్బన్లు, నెయిల్ పాలిష్, చీర ఫాల్స్, లంగాలు... వెనక అరల్లో లోదుస్తులు. డిగ్రీ మూడేళ్లూ సాయంత్రాలు ఆ కౌంటర్ దగ్గరే కూర్చున్నాను. అక్కడ నేను గమనించిందేంటంటే, మన అమ్మాయిలకి గాజుల సైజు పక్కాగా తెలుసు. రెండు నాలుగా, రెండు ఆరా అంటే తడుముకోరు. చెప్పుల సైజూ తెలుసు, కుర్తీకి ఎమ్ కావాలో ఎల్ కావాలో తెలుసు. బ్రా దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిపోతుంది. అటూ ఇటూ చూసి, "34 ఇవ్వండి" అంటారు. కప్పు ఏ సైజమ్మా అంటే, "మామూలుదే అక్కా" అని జవాబు. పక్కన ఎవరైనా మగవాళ్లు నిలబడి ఉంటే ఆ మాత్రం కూడా ఉండదు, మళ్లీ వస్తామని వెళ్లిపోతారు.

ఆ 34 ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగితే సరదా జవాబులు వస్తాయి. అమ్మ మొదటిసారి తెచ్చింది అదే. లేదా రూమ్మేట్‌ది అదే. ఇంటర్ ఫస్టియర్‌లో మొదలైన నంబరు పాతికేళ్లకీ మారదు. మధ్యలో హాస్టల్ తిండి, ఉద్యోగం, బరువు పెరగడం తగ్గడం, పెళ్లి, కాన్పు... ఒంట్లో ఇన్ని మారాక ఆ నంబరు ఒక్కటీ అలాగే ఉండాలంటే ఎలా?

ఇదేదో ఫ్యాషన్ గొడవ అనుకుని స్క్రోల్ చేసేయకండి. సాయంత్రం బ్రా తీసేశాక భుజాల మీద గాడి పడినట్టు ఎర్రటి గీతలు, వీపు పైభాగంలో నొప్పి, రొమ్ముల కింద చెమటకి ఒరిసి దురద... వీటిలో ఒక్కటైనా లేనివాళ్లు మీ గ్యాంగ్‌లో ఎంతమంది? మా షాపుకి వచ్చే ఒక పదో తరగతి పిల్ల స్కూల్ కబడ్డీ టీమ్ నుంచి తప్పుకుంది. ఎందుకమ్మా అంటే, "పరిగెత్తుతుంటే ఇబ్బందిగా ఉంటోందక్కా" అంది. ఆ ఇబ్బంది కబడ్డీది కాదు. లోపల వేసుకున్న వదులు బ్రాది. అది చెప్పేవాళ్లు లేక ఆట పోయింది.

ఆ నంబరు అసలు దేనిది?

టైలర్ వాడే మెత్తటి టేపు తీసుకోండి. ప్యాడ్ లేని పల్చటి బ్రా వేసుకుని అద్దం ముందు నిలబడండి. మొదటి కొలత రొమ్ముల కిందుగా, పక్కటెముకల మీదుగా చుట్టూ. ఊపిరి వదిలేసి, టేపుని కాస్త బిగువుగా పట్టాలి. వీపు మీద టేపు పైకి జారకుండా నేలకి సమాంతరంగా ఉందో లేదో అద్దంలో చూసుకోండి. 29 అంగుళాలు వచ్చిందనుకుందాం. మన దగ్గర దొరికే చాలా బ్రాండ్ల లెక్కలో బేసి సంఖ్య వస్తే 5, సరి సంఖ్య వస్తే 4 కలుపుతారు. అంటే 29కి 5 కలిపితే 34. ఇదీ బ్యాండ్ సైజు.

చూశారా, 34 అన్నది ఒంటి మీద టేపు చూపించే కొలత కాదు! నమ్మకం కుదరకపోతే మీ బ్రా లోపలి ట్యాగ్ చూడండి. కొన్నిటి మీద 34 పక్కనే 75 అని కూడా ఉంటుంది. అది సెంటీమీటర్లలో అసలు కొలత. 75 సెంటీమీటర్లంటే ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు. అలాగే 32కి 70, 36కి 80, 38కి 85.

ఇక రెండో కొలత. రొమ్ములు బాగా ఎత్తుగా ఉన్నచోట, టేపు నొక్కకుండా వదులుగా. అది 37 వచ్చిందనుకోండి. 37 లోంచి 34 తీసేస్తే 3. తేడా ఒక అంగుళమైతే ఎ కప్పు, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. కాబట్టి ఈ అమ్మాయి సైజు 34సి.

ఇప్పుడు ఈ అమ్మాయి షాపుకెళ్లి ‘34’ అంది, షాపువాళ్లు 34బి చేతిలో పెట్టారు. వేసుకుంటే పైనా, చంక పక్కనా పొంగుతోంది. "అమ్మో టైట్" అనుకుని మరుసటిసారి 36బి తెచ్చుకుంటుంది. కప్పు సరిపోయింది! ఎందుకంటే 34సి, 36బి రెండింటి కప్పులూ పట్టే పరిమాణం ఒక్కటే, 32డి కూడా అంతే. కాకపోతే బ్యాండ్ వదులైపోయింది. మా కౌంటర్‌లో నేను చూసిన తప్పు సైజుల్లో ఎక్కువ ఇలా వచ్చినవే. పైగా "డీ కప్పా, ఛీ, అంత పెద్దదా!" అని మొహం ఎర్రబడిపోవడం ఒకటి. డి అనే అక్షరానికి విడిగా సైజంటూ ఏమీ లేదు. సన్నటి అమ్మాయి వేసుకునే 32డి, ఆమె వదిన వేసుకునే 36బి ఒకే గిన్నెలు.

ఒక్క జాగ్రత్త. కొన్ని బ్రాండ్లు, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో అమ్మేవి, ఈ 4, 5 కలిపే పద్ధతి పాటించవు. అందుకే ఫోన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఆ బ్రాండ్ సైజ్ చార్ట్ తెరిచి మీ రెండు కొలతల్నీ అందులో వెతకండి. లోదుస్తులు వాపసు తీసుకోని సైట్లు చాలా ఉన్నాయి, ఆ ముక్క కూడా ముందే చదవండి.

బరువు మోసేది భుజాలు కాదు

బ్రా స్ట్రాపులతో నిలబడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది వీపు చుట్టూ తిరిగే బ్యాండ్. స్ట్రాపులు కప్పుని ఒంటికి ఆనించి ఉంచడానికి. బ్యాండ్ వదులైతే ఆ పని భుజాల మీద పడుతుంది. మనమేమో స్ట్రాపులు ఇంకా బిగిస్తాం. అప్పుడు వెనక బ్యాండ్ మెడ వైపు ఎక్కుతుంది, ముందు కిందికి జారుతుంది, భుజాలకి గాడి పడుతుంది.

కొత్త బ్రా వేసుకునేటప్పుడు అన్నిటికంటే వదులుగా ఉండే చివరి హుక్ పెట్టండి. లోపలి హుక్కులు తర్వాత ఎలాస్టిక్ సాగినప్పటి కోసం. కాస్త ముందుకి వంగి వేసుకుని, చంక పక్కన ఉన్న భాగాన్ని చేత్తో కప్పులోకి సర్దుకోండి. ఈ పని చాలామంది చెయ్యరు, అందుకే సరైన కప్పు కూడా పెద్దగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు పక్కకి తిరిగి అద్దంలో చూడండి. బ్యాండ్ ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉండాలి. రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. బస్సులో పైన కడ్డీ పట్టుకున్నట్టు రెండు చేతులూ ఎత్తండి. బ్యాండ్ కదిలి పైకొచ్చిందా, వదులే. వైరు ఉన్న బ్రా అయితే రెండు కప్పుల మధ్య భాగం ఛాతీ ఎముకకి ఆనాలి, వైరు పక్కటెముక మీద కూర్చోవాలి. రొమ్ము మీదకి ఎక్కి గుచ్చుతుంటే కప్పు చిన్నదని అర్థం.

ట్రయల్ రూమ్ ఉండి, వేసి చూడనిచ్చే షాపు దొరికితే మొహమాటం పక్కన పెట్టి వేసి చూడండి. అలాంటివి మన ఊళ్లలో తక్కువే. అందుకే ఒక కొత్త బ్రాండ్ మొదటిసారి ఒక్కటే కొనండి. ఆఫర్ ఉంది కదా అని మూడు కట్టించుకోవద్దు.

రకాల గురించి పెద్దగా చెప్పను, మీ ఫోన్‌లో రోజూ ప్రకటనలు చూస్తూనే ఉంటారు. నా అభిప్రాయం మాత్రం చెబుతా. షాపులన్నీ ప్యాడెడ్ మీదే పడ్డాయి. టీషర్టు లోపలికి బాగానే ఉంటుంది. కానీ మే నెలలో బెజవాడలో ఫోమ్ కప్పులు వేసుకుని బస్సెక్కినవాళ్లకి తెలుస్తుంది దాని సంగతి. ఎండాకాలం రోజువారీకి ప్యాడ్ లేని కాటన్‌దే హాయి. తెల్ల కుర్తీ లోపలికి తెల్లది కాకుండా ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నది వేస్తే బయటికి కనపడదు. బ్లౌజు కుట్టించుకునేటప్పుడు టైలర్ దగ్గరికి సరిగ్గా ఫిట్ అయిన బ్రాతోనే వెళ్లి కొలతలివ్వండి, లేకపోతే బ్లౌజు ముడతలకి పాపం టైలర్ తిట్లు తింటాడు. పెరిగే వయసు పిల్లలకైతే వైరు వద్దు. మెత్తటి బిగినర్స్ బ్రా చాలు. దానికి ఇన్నేళ్లకే అని లెక్కేం లేదు, ఆ పిల్లకి అసౌకర్యంగా అనిపించినప్పుడే.

స్పోర్ట్స్ బ్రా మాత్రం అలంకారం కాదు. రొమ్ముల్లో కండరం ఉండదు. కొవ్వు, పాల గ్రంథులు, వాటిని పట్టి ఉంచే సన్నటి బంధనాలు, పైన చర్మం, అంతే. పరిగెత్తితే అవి కదిలి నొప్పి పుడుతుంది. ఇది పల్లెటూరి పిల్లల బిడియం మాత్రమే అనుకోవద్దు. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్ అనే ఆవిడ జాగింగ్‌లో ఇదే ఇబ్బంది పడింది. మగ ఆటగాళ్లు లోపల వేసుకునే జాక్‌స్ట్రాప్స్ రెండు తెచ్చి, స్నేహితురాలు పాలీ స్మిత్, హిండా మిల్లర్‌లతో కలిసి ఒకటిగా కుట్టించి చూసింది. ‘జాగ్‌బ్రా’ అలా పుట్టింది. అంటే ఆడవాళ్లు పరిగెత్తడానికంటూ తయారై అమ్మకానికొచ్చిన బ్రా వయసు సుమారు యాభై ఏళ్లే! జిమ్, రన్నింగ్, కబడ్డీ, ఏదైనా సరే, అద్దం ముందు పది గెంతులు గెంతి చూసి కొనండి. ఊపిరి ఆడనంత బిగుతు మాత్రం వద్దు.

వాట్సాప్ భయాలు రెండు తేల్చేద్దాం. వైర్ బ్రా, నల్ల బ్రా వేసుకుంటే క్యాన్సర్ వస్తుందని ఫార్వర్డ్స్ తిరుగుతుంటాయి. 2014లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు 55 నుంచి 74 ఏళ్ల మధ్య ఉన్న 1500 మందికి పైగా మహిళల వివరాలు తీసుకుని చూశారు. రోజుకి ఎన్ని గంటలు వేసుకున్నా, వైరు ఉన్నా, ఏ వయసులో మొదలుపెట్టినా రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం కనిపించలేదు. రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవాలా వద్దా అన్నది మీ సుఖాన్ని బట్టి. కానీ చేతికి గడ్డ తగిలినా, చర్మం సొట్ట పడినా, చనుమొన నుంచి రక్తంలాంటిది వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. బ్రా మార్చి చూద్దాం అనుకుని ఆగకండి.

తువ్వాలు కింద ఆరదు

మా అమ్మమ్మ తరం దీన్ని ‘బాడీ’ అనేది. ఉతికి, చీర మడత లోపల ఆరేసేది. మన హాస్టళ్లలో ఇప్పటికీ అదే పద్ధతి. తాడు మీద బ్రా, దాని మీద చున్నీ, దాని మీద తువ్వాలు. వర్షాకాలంలో అయితే బాత్రూమ్ కొక్కేనికి. మర్నాడు పొద్దున ముట్టుకుంటే చల్లగా, తడితడిగా ఉంటుంది. అదే వేసుకుని కాలేజీకి. పగలంతా చెమట. తడి, వేడి, రాపిడి కలిసినచోట ఫంగస్ హాయిగా కాపురం పెడుతుంది. రొమ్ముల కింద ఎర్రటి మచ్చలు, దురద అలా మొదలవుతాయి.

ఆ తర్వాత జరిగేది ఇంకా దారుణం. డాక్టర్‌కి చూపించడానికి సిగ్గు. మెడికల్ షాపులో "దురదకి ట్యూబ్ ఇవ్వండి" అంటాం. అలా దొరికే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గినట్టుంటుంది, ఆపగానే ఫంగస్ రెట్టింపై వస్తుంది. మళ్లీ అదే ట్యూబ్. చర్మం పల్చబడి, చారలు పడిపోయేదాకా ఇదే వరస. చర్మ డాక్టర్ దగ్గరికి మొదటి వారమే వెళ్తే తేలిగ్గా పోయేది. సిగ్గుగా ఉంటే లేడీ డాక్టర్ని వెతుక్కోండి.

ఉతకడం పెద్ద పనేం కాదు. మన చెమటకి ఎండాకాలం ఏ రోజుది ఆ రోజు ఉతకాలి, చలికాలం రెండుసార్లు వేసుకున్నాక ఉతికినా ఫర్వాలేదు. చల్లటి నీళ్లు, కొంచెం సర్ఫు లేదా షాంపూ, చేత్తో మెల్లగా. వేణ్నీళ్లూ బ్లీచింగూ ఎలాస్టిక్‌ని తినేస్తాయి. బండకేసి బాదడం, మెలిపెట్టి పిండడం వద్దు, తువ్వాల్లో చుట్టి నొక్కితే నీళ్లు పోతాయి. మెషీన్‌లో వెయ్యక తప్పకపోతే హుక్కులు పెట్టేసి నెట్ బ్యాగులో వెయ్యండి, లేకపోతే హుక్కు చున్నీని పట్టుకుని చింపేస్తుంది. గాలి ఆడేచోట, బ్యాండ్ దగ్గర క్లిప్పు పెట్టి ఆరేయండి. స్ట్రాపులతో వేలాడదీస్తే తడి బరువుకి అవి సాగిపోతాయి. పొద్దుటి ఎండ మంచిదే, మిట్టమధ్యాహ్నం ఎండలో రోజూ పడేస్తే ఎలాస్టిక్ తొందరగా చస్తుంది. హాస్టల్లో అమ్మాయిలు నలుగురు కలిసి డాబా మీద ఒక తాడు మనదేనని పెట్టేసుకుంటే, ఒకరిని చూసి ఒకరికి ధైర్యం వస్తుంది. అంకుల్స్ చూస్తారంటారా? వాళ్ల బనీన్లు మనం రోజూ చూడట్లేదా!

కనీసం మూడు ఉంచుకోండి. ఒకటి ఒంటి మీద, ఒకటి తాడు మీద, ఒకటి అరలో. ఎలాస్టిక్‌కి కూడా ఒక రోజు విశ్రాంతి దొరికితే మళ్లీ బిగుస్తుంది. ప్యాడెడ్ వాటిని ఒక కప్పుని ఇంకో కప్పులోకి మడిచి పెట్టొద్దు, గుంట పడి ఇక లేవదు. రోజూ వాడే బ్రా ఎనిమిది నెలలో, ఏడాదో వస్తుంది. లోపలి ఆఖరి హుక్‌కి వచ్చాక కూడా చేతులెత్తితే పైకి జరుగుతోందంటే దాని పనైపోయింది. పారేసి, కొత్తది కొనే ముందు మళ్లీ ఒకసారి టేపు పెట్టి చూసుకోండి.