ఉప్పుగూడ అర్మేనియన్లు, ఒక పాత ప్రశ్న

కాచిగూడ నుంచి ఫలక్‌నుమా వెళ్లే రైలు దారిలో ఆఖరికి ముందు స్టేషన్ ఉప్పుగూడ. ఆ ప్రాంతంలో 17వ శతాబ్దం నాటి అర్మేనియన్ల సమాధుల తోట ఉంది. పర్షియా మీదుగా గోల్కొండకు వ్యాపారానికి వచ్చి, ఈ నేలలోనే కలిసిపోయినవారు వాళ్లు. క్రైస్తవులే అయినా, వాళ్ల సంఘం రోముతో కలవనిది. కారణం తెలియాలంటే క్రీస్తు ఎవరన్న వాదంలోకి వెళ్లాలి.

దేవుని కుమారుడైన క్రీస్తు కూడా సృష్టిలో భాగమేనని అలెగ్జాండ్రియాకు చెందిన ఏరియస్ బోధించాడు. 325లో నైసియా మహాసభ దాన్ని తోసిపుచ్చింది. రక్షించేది దేవుడొక్కడే గనుక రక్షకుడు సంపూర్ణంగా దేవుడై ఉండాలన్నది సభ పక్షాన నిలిచినవారి పట్టు. మన సీఎస్‌ఐ చర్చిల్లో ప్రభువు బల్ల ఆరాధనలో చెప్పే నైసీయ విశ్వాస ప్రమాణానికి మూలం అక్కడే.

క్రీస్తు సంపూర్ణంగా దేవుడైతే, మరి లాజరు సమాధి దగ్గర ఏడ్చిందెవరు? సిలువ మీద మరణించిందెవరు? క్రీస్తులో మనిషి మనసు లేదని, ఆ చోట దేవుని వాక్యమే ఉందని అపొలినారిస్ అన్నాడు. మన మనసును ఆయన ధరించకపోతే దానికి స్వస్థత ఎక్కడిదని నజియాంజు గ్రెగరీ నిలదీశాడు. తర్వాత నెస్టోరియస్ మరియను దేవుని తల్లి అనడానికి అభ్యంతరం చెప్పాడు. క్రీస్తును ఇద్దరిగా చీలుస్తున్నాడంటూ 431లో ఎఫెసు సభ అతన్ని తొలగించింది.

451లో చాల్సెడాన్ సభ తీర్పు చెప్పింది: వ్యక్తి ఒక్కడే, స్వభావాలు రెండు, అవి కలగాపులగం కావు, విడిపోవు. అదే ఏడాది అర్మేనియన్లు తమ విశ్వాసం కోసం పర్షియా సైన్యంతో అవరాయిర్‌లో పోరాడుతున్నారు. రెండు స్వభావాలనడం నెస్టోరియస్‌ను వెనక్కి తేవడమేనని తర్వాత వారు భయపడ్డారు. ఆరో శతాబ్దంలో ద్విన్ సభల్లో ఆ తీర్పును నిరాకరించారు. అలెగ్జాండ్రియా సిరిల్ చెప్పిన ఏకస్వభావం వారికి ఆధారం. నిప్పు పట్టిన బొగ్గులో నిప్పూ ఉంటుంది, బొగ్గూ ఉంటుంది. అలాగే క్రీస్తు ఏకస్వభావంలో దైవత్వం, మానవత్వం రెండూ నిండుగా ఉన్నాయని వారి విశ్వాసం. మానవత్వం దైవత్వంలో కరిగిపోయిందన్న యుటికెస్ బోధను వారూ ఖండించారు.

ఒకరికి క్రీస్తు మానవత్వం మాయమవుతుందన్న భయం, మరొకరికి క్రీస్తే రెండుగా చీలుతాడన్న భయం. 1996లో పోపు రెండో జాన్ పాల్, అర్మేనియన్ సంఘాధిపతి (కాథలికోస్) మొదటి కరేకిన్ సంతకం చేసిన ప్రకటన క్రీస్తును సంపూర్ణ దేవుడుగా, సంపూర్ణ మానవుడుగా ఒప్పుకుంది. ఎదుటివారు దేన్ని కాపాడుకోవాలని తపిస్తున్నారో అడిగి తెలుసుకుంటే, శతాబ్దాల వైరం కూడా సడలుతుంది.