ఛాతీ నొప్పా? ముందు ఈసీజీ.. తర్వాతే మిగతా పరీక్షలు

గుండెల్లో నొప్పి అనగానే మన ఇళ్లలో ముందు వచ్చే మాట “గ్యాస్ పట్టేసింది” అని. వాము నమిలి, సోడా తాగి, తెల్లారాక చూద్దాంలే అనుకుంటాం. అది గుండెపోటే అయితే తెల్లారేసరికి గుండె కండరం చాలావరకు దెబ్బతినిపోవచ్చు.

ఒంట్లో ఏం జరుగుతుంది?
గుండెకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడగానే శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది. చల్లటి చెమటలు, దడ, కంగారు పుట్టడానికి ఇదో కారణం. షుగర్ జబ్బు లేనివారికి కూడా అప్పుడు రక్తంలో చక్కెర పెరగొచ్చు. అయితే భయపడినా, జ్వరమొచ్చినా ఈ హార్మోన్లు పెరుగుతాయి. కాబట్టి వాటిని బట్టి గుండెపోటు అని తేల్చలేరు.

ఈసీజీ ఎందుకు?
గుండెలో నడిచే విద్యుత్తును ఈసీజీ గీతలుగా చూపిస్తుంది. అందులో ‘ఎస్‌టీ’ అనే భాగం పైకి లేస్తే నాళం పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చని డాక్టర్లు వెంటనే వైద్యం మొదలుపెడతారు. దీన్నే ‘స్టెమీ’ అంటారు. ట్రోపోనిన్ రక్త పరీక్ష కూడా అవసరమే. కానీ రక్తంలో అది పెరగడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా నొప్పి తగ్గకపోతే ఇంటికి వెళ్లిపోకండి, మళ్లీ తీయమని అడగండి.

ఉచితంగా ఏం అందుతుంది?
రాష్ట్ర ప్రభుత్వ స్టెమీ కార్యక్రమం కింద, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి గుండె డాక్టర్లు ఆన్‌లైన్‌లో చూస్తారు. వారు సూచిస్తే గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఇస్తారు. బయట 40 వేల రూపాయల పైనే ఉండే ఈ మందు ఇక్కడ ఉచితం. నొప్పి మొదలైన 12 గంటల లోపే ఇది ఇవ్వాలి. ఎంత ముందుగా పడితే అంత మేలు. తర్వాత అవసరమయ్యే స్టెంట్ వైద్యానికి అర్హులకు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుంది.

మీరు చేయాల్సినవి
• 108కి ఫోన్ చేయండి. రోగిని నడిపించొద్దు, బండి మీద ఎక్కించొద్దు.
• కారు మాట్లాడుకుని నేరుగా విశాఖ పోవద్దు. బొబ్బిలి నుంచి అక్కడికి రెండు గంటల పైనే పడుతుంది. దగ్గర్లో ఈసీజీ తీయించాకే డాక్టరు చెప్పినచోటికి వెళ్లండి.
• నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి.
• ఇదివరకు పక్షవాతం వచ్చినా, ఈమధ్య ఆపరేషన్ అయినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా దాచొద్దు. అలాంటివారికి ఈ ఇంజెక్షన్ ప్రమాదం కావచ్చు.
• షుగర్ ఉన్నవారికి, ఆడవారికి, పెద్దవారికి ఛాతీ నొప్పి లేకుండానే ఆయాసం, వాంతులు, దవడ నొప్పి రావొచ్చు. వారికీ ఈసీజీ తీయించండి.

కార్డు కోసం ఇంట్లో వెతుకుతూ కూర్చోవద్దు. ముందు మనిషిని ఆసుపత్రికి చేర్చండి, కార్డు వెనక తెచ్చుకోవచ్చు.