ఇంటి గడపకూ బడి గేటుకూ మధ్య బాధ్యత ఎవరిది?
విద్యార్థుల భద్రతకు చట్టాలున్నా సమన్వయమే కరవు.. లంక గ్రామాలకు తొలి హెచ్చరిక రేవు దగ్గరే మొదలవ్వాలి

అమలాపురం: బడి ఆవరణలో ఉన్నంతసేపు విద్యార్థి బాధ్యత ఉపాధ్యాయులది. ఇల్లు చేరాక తల్లిదండ్రులది. ఈ రెండింటి మధ్య సాగే ప్రయాణం ఎవరి బాధ్యత? రోడ్డు పక్కనే బడి ఉన్న ఊళ్లలో ఈ ప్రశ్న అంతగా తలెత్తదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల నడుమ లంకలు, కాలువలతో నిండిన కోనసీమలో మాత్రం గోదావరికి ఎర్రనీరు తగిలిన ప్రతిసారీ తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఇదే. విద్యార్థుల భద్రతకు చట్టాలు ఉన్నాయి, ఉత్తర్వులు ఉన్నాయి, అధికారులూ ఉన్నారు. అయితే ఒక్కో పని ఒక్కో శాఖ చేతిలో ఉండటంతో ఎవరిని అడగాలో సామాన్యులకు తెలియని పరిస్థితి నెలకొంది. ఏ బాధ్యత ఎవరిదో, తల్లిదండ్రులకు ఉన్న హక్కులేమిటో వివరించే ప్రయత్నమిది.

పశువుల్లంక నేర్పిన పాఠం

2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద గోదావరి పాయలో నాటు పడవ బోల్తా పడింది. నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని ఢీకొనడంతో ఈ ఘోరం జరిగింది. ముప్పై మందికి పైగా ఎక్కిన ఆ పడవలో బడి ముగించుకుని ఇళ్లకు తిరిగి వెళ్తున్న విద్యార్థులు చాలామంది ఉన్నారు. పలువురు ఒడ్డుకు చేరినా ఏడుగురు గల్లంతయ్యారు. వారిలో ఎక్కువ మంది విద్యార్థినులే. అది నెలలో రెండో శనివారం. మొక్కలు నాటే ‘వనం-మనం’ కార్యక్రమం కోసం పిల్లలు ఆ రోజు బడికి వెళ్లారని అప్పట్లో వార్తలు వెలువడ్డాయి.

ఈ దుర్ఘటనను ఒక పడవ ప్రమాదంగా మాత్రమే చూస్తే అసలు విషయం మరుగున పడుతుంది. ప్రవాహం పెరిగిన నదిలో పడవ నడపవచ్చునా అన్నది ఒక శాఖ తేల్చాల్సిన అంశం. ఒక్కో పడవలో ఎందరిని ఎక్కించాలన్నది రేవు నిర్వహణకు సంబంధించిన అంశం. వంతెన పని జరుగుతున్న చోట పడవలు ఏ దారిన వెళ్లాలన్నది నిర్మాణ సంస్థ, ఇంజినీర్లు ఆలోచించాల్సిన విషయం. సెలవు రోజున కార్యక్రమం పెడితే ఏరు దాటి వచ్చే పిల్లల సంగతేమిటన్నది విద్యాశాఖ చూసుకోవాల్సిన పని. ఈ నాలుగు ప్రశ్నలనూ ఒక్కచోట కూర్చుని అడిగే వ్యవస్థ లేకపోవడమే పశువుల్లంక బయటపెట్టిన లోపం.

ఎవరి పరిధి ఎంత?

2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లాగా ఏర్పడింది. అంతకుముందు రాజోలు, మలికిపురం ప్రాంతాల వారు జిల్లా విద్యాశాఖాధికారిని కలవాలంటే కాకినాడ వెళ్లాల్సి వచ్చేది. జిల్లా ఏర్పాటుతో ఆ కార్యాలయం అమలాపురానికి వచ్చింది. అమలాపురం, రామచంద్రపురం డివిజన్లకు తోడు కొత్తపేట కేంద్రంగా మరో రెవెన్యూ డివిజన్ ఏర్పడింది. జిల్లా పరిషత్తు మాత్రం విభజన తర్వాత కూడా ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా పరిషత్తుగా కాకినాడ నుంచే కొనసాగింది.

పాఠశాల స్థాయిలో తొలి బాధ్యత ప్రధానోపాధ్యాయుడిది. ఆపై మండల విద్యాశాఖాధికారి, డివిజన్ స్థాయిలో ఉప విద్యాశాఖాధికారి, జిల్లా స్థాయిలో జిల్లా విద్యాశాఖాధికారి ఉంటారు. తరగతి గదులు, మరుగుదొడ్లు, ప్రహరీ వంటి పనులకు సమగ్ర శిక్ష నుంచి నిధులు అందుతాయి. ప్రైవేటు బడులకు గుర్తింపు ఇచ్చేదీ, నిబంధనలు పాటించకుంటే ఆ గుర్తింపును ఉపసంహరించేదీ విద్యాశాఖే.

బడి బయట అడుగు పెట్టగానే లెక్క మారుతుంది. బస్సుల తనిఖీ రవాణా శాఖది. ఆటోల్లో అధిక సంఖ్యలో పిల్లలను ఎక్కిస్తే చర్య తీసుకోవాల్సింది పోలీసు, రవాణా శాఖలు. కాలువలు, గట్ల సంరక్షణ జలవనరుల శాఖది. రేవును వేలం పాటలో అప్పగించేది స్థానిక సంస్థ. ఇన్ని శాఖలను ఒక తాటిపైకి తెచ్చే అధికారం జిల్లాలో కలెక్టరుకే ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు ఆయనే అధ్యక్షుడు.

చట్టం ఏం చెబుతోంది?

2009లో పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అన్ని కాలాలకూ పనికివచ్చే భవనం, ప్రహరీ, సురక్షిత తాగునీరు, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ప్రతి బడిలోనూ ఉండాలని ఆ చట్టం నిర్దేశించింది. ఈ విషయం చాలామందికి తెలిసిందే. కోనసీమకు అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఆ చట్టం కింద కేంద్రం 2010లో వెలువరించిన నిబంధనల్లో ఉంది. ప్రాథమిక తరగతులకు ఒక కిలోమీటరు, ప్రాథమికోన్నత తరగతులకు మూడు కిలోమీటర్ల దూరంలో బడి ఉండాలన్నది సాధారణ సూత్రం. వరదలు, రోడ్డు లేకపోవడం వంటి కారణాలతో ఇంటి నుంచి బడికి వెళ్లే దారి చిన్నారులకు ప్రమాదకరంగా ఉన్నచోట ఆ దూరాన్ని తగ్గించి, ప్రమాదం లేని విధంగా బడి ఏర్పాటు చేయాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా లేదా వసతి కల్పించాలని కూడా సూచిస్తున్నాయి.

అంటే పిల్లవాడి ఇంటికీ బడికీ మధ్య దూరాన్ని కిలోమీటర్లలో మాత్రమే కొలవడం సరికాదు. ఒక్క కిలోమీటరు దూరమే అయినా మధ్యలో గోదావరి పాయ ఉంటే అది ప్రమాదకరమైన దారే. లంక గ్రామాల తల్లిదండ్రులు బడి కోసమో, రవాణా కోసమో అర్జీ పెట్టుకునేటప్పుడు ప్రస్తావించదగిన అంశమిది.

2022లో జీవో 117 ద్వారా మూడు, నాలుగు, అయిదు తరగతులను సమీప ఉన్నత పాఠశాలల్లో కలిపే ప్రక్రియ చేపట్టినప్పుడు రాష్ట్రమంతటా తల్లిదండ్రులు ఆందోళన వ్యక్తం చేయడానికి కారణం కూడా దారి భయమే. ఎనిమిదేళ్ల పిల్లలు రద్దీ రోడ్లు, కాలువ వంతెనలు దాటి ఎలా వెళ్తారని వారు ప్రశ్నించారు. 2025లో ప్రభుత్వం ఆ జీవోను ఉపసంహరించి కొత్త విధానం ప్రకటించింది. బడులను కలిపినా, విడదీసినా దారిని పరిశీలించకుండా నిర్ణయం తీసుకోరాదన్నదే ఆ వివాదం చెప్పిన నీతి.

హెచ్చరిక జిల్లాకు, ప్రమాదం రేవుకు

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 13.75 అడుగుల వద్ద రెండోది, 17.75 అడుగుల వద్ద మూడోది. వరద ఉద్ధృతిని బట్టి కలెక్టరు విద్యాసంస్థలకు సెలవు ప్రకటిస్తారు. 2022 జులైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వెళ్లినప్పుడు లంకలన్నీ నీట మునిగాయి. అంతటి వరదలో సెలవు గురించి ఎవరికీ అనుమానం ఉండదు.

చిక్కంతా చిన్న వరదతోనే. పి.గన్నవరం మండలం బూరుగులంక రేవు వద్ద వేసిన తాత్కాలిక గట్టు మొదటి హెచ్చరిక స్థాయికి ముందే కొట్టుకుపోయిన సందర్భాలు అనేకం ఉన్నాయి. అప్పుడు జి.పెదపూడిలంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక వాసులకు పడవే దిక్కయ్యేది. చాకలిపాలెం-కనకాయలంక కాజ్‌వే, అయినవిల్లి మండలంలోని ఎదురుబిడియం కాజ్‌వే కూడా వరద వస్తే నీట మునిగేవే. ధవళేశ్వరంలో హెచ్చరిక జెండా ఎగరకపోవచ్చు. జిల్లాలో మిగిలిన బడులన్నీ యథావిధిగా నడుస్తూ ఉండవచ్చు. ఆ రోజు పరీక్ష కూడా ఉండవచ్చు. లంకలోని పిల్లవాడు మాత్రం పుస్తకాల సంచితో పడవ ఎక్కాల్సిందే.

అందువల్ల జిల్లా మొత్తానికి ఒకే కొలబద్ద చాలదు. నది దాటి వచ్చే విద్యార్థుల పేర్ల జాబితా ప్రతి ప్రధానోపాధ్యాయుడి వద్ద జూన్‌లోనే సిద్ధంగా ఉండాలి. ఏ రేవులో నీరు ఏ గుర్తు దాటితే ఆ పిల్లలు రానవసరం లేదో గ్రామ రెవెన్యూ సిబ్బంది, రేవు నిర్వాహకులతో కలిసి ముందే నిర్ణయించుకోవాలి. ఆ రోజుల గైర్హాజరును లెక్కలోకి తీసుకోబోమని, పరీక్షలు తిరిగి పెడతామని స్పష్టంగా చెప్పాలి. హాజరు పోతుందనే భయం, పరీక్ష పోతుందనే భయం తొలగితేనే తల్లి తన బిడ్డను ధైర్యంగా ఇంట్లో ఉంచుకోగలదు. సెలవు రోజుల్లో ఏ కార్యక్రమం తలపెట్టినా ఏరు దాటాల్సిన పిల్లలకు మినహాయింపు ఇవ్వడం కనీస జాగ్రత్త.

రేవు పాట ఒప్పందంలో సైతం ఈ జాగ్రత్తలు చేర్చవచ్చు. పడవ ఎక్కే ప్రతి విద్యార్థికీ లైఫ్ జాకెట్, పడవపై ఎందరు ఎక్కవచ్చో పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు, బడి వేళల్లో మోటారు సైకిళ్లు ఎక్కించకుండా పిల్లలకే ప్రత్యేకంగా ఒక దాటింపు వంటివి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

బస్సు ఎక్కితే భద్రమేనా?

రాష్ట్రంలో విద్యాసంస్థల బస్సుల సామర్థ్య ధ్రువీకరణ పత్రం గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచే జూన్ 12లోగా ప్రతి బస్సునూ రవాణా శాఖ వద్ద తనిఖీ చేయించి పత్రం తీసుకోవాలి. పసుపు రంగు, ప్రథమ చికిత్స పెట్టె, అగ్నిమాపక పరికరం, కిటికీలకు అడ్డు కమ్మీలు, వేగ నియంత్రణ పరికరం, బడి ఫోన్ నంబరు, పిల్లలను ఎక్కించి దింపే సహాయకుడు తప్పనిసరి. భారీ వాహనాలు నడిపిన అయిదేళ్ల అనుభవం డ్రైవరుకు ఉండాలి. బస్సు అద్దంపై పత్రం గడువును చూసే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

కోనసీమలో రోడ్లు చాలావరకు కాలువ గట్ల వెంబడి సాగుతాయి. ఎదురుగా లారీ వస్తే తప్పుకోవడానికి పక్కన కాలువే ఉంటుంది. ఇలాంటి దారుల్లో పరిమితికి మించి పిల్లలతో వెళ్లే ఆటోలు మరింత ప్రమాదకరం. ఛార్జీ తక్కువని తల్లిదండ్రులే అలాంటి ఆటోలను ఎంచుకుంటున్న మాట కూడా కాదనలేనిది. దూరం నుంచి వచ్చే ప్రభుత్వ బడి విద్యార్థులకు సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం లభించే వీలుంది. అర్హులైన పిల్లల పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో ప్రధానోపాధ్యాయుడిని అడిగి తెలుసుకోవాలి.

గోడల లోపల

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడిలో మంటలు చెలరేగి 94 మంది చిన్నారులు మరణించారు. ఆ విషాదంపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పునిస్తూ, చదువుకునే హక్కులో భద్రమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఇమిడి ఉందని స్పష్టం చేసింది. కేంద్ర విద్యాశాఖ 2021లో జారీ చేసిన మార్గదర్శకాలు మరో అడుగు ముందుకు వేసి జవాబుదారీ ఎవరో తేల్చాయి. ప్రభుత్వ బడిలో ప్రధానోపాధ్యాయుడు, ఉపాధ్యాయులు, విద్యాశాఖ అధికారులు, ప్రైవేటు బడిలో యాజమాన్యంతో పాటు ప్రధానోపాధ్యాయుడు, ఉపాధ్యాయులు బాధ్యత వహించాలి.

పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. లైంగిక వేధింపుల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం మరింత కఠినంగా ఉంది. నేరం జరిగినట్లు తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. తన కింద పనిచేసేవారి నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. బడి పరువు పోతుందని పెద్దమనుషుల సమక్షంలో రాజీ చేయడం కూడా చట్టం దృష్టిలో దాచిపెట్టడమే. ఆపదలో ఉన్న పిల్లలు, వారి తరఫున ఎవరైనా 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

తల్లిదండ్రుల చేతిలో ఉన్న అధికారం

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, నిధుల వినియోగాన్ని పర్యవేక్షించడం కమిటీ విధులు. సంతకాలకే పరిమితమైతే కమిటీకి అర్థం లేదు.

వర్షాకాలానికి ముందు జరిగే సమావేశంలో సభ్యులు అయిదు ప్రశ్నలు అడిగి, జవాబులను తీర్మానాల పుస్తకంలో రాయించాలి. నది, కాలువ దాటి వచ్చే పిల్లలు ఎందరు? నీరు పెరిగితే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు? రేవులో లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి? పిల్లలను తెచ్చే బస్సులు, ఆటోల పత్రాల గడువు ఎప్పటి వరకు ఉంది? శిథిల గదులను ఇంజినీర్లు చూశారా, వాటికి తాళం వేశారా?

ఆ తీర్మానం నకలును మండల విద్యాశాఖాధికారికి, తహసీల్దారుకు పంపి రసీదు తీసుకోవాలి. అక్కడ జవాబు రాకుంటే కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. నోటి మాటగా చెప్పిన ఫిర్యాదు మరుసటి రోజుకు మరుగున పడుతుంది. కాగితంపై తేదీతో నమోదైన హెచ్చరికను చూడలేదని ఏ అధికారీ చెప్పలేరు. పశువుల్లంక వంటి విషాదం తర్వాత ప్రకటించే పరిహారం కంటే, ముందుగా రాయించిన ఆ ఒక్క కాగితం విలువ ఎక్కువ.