గోబరు గ్యాసు మంట – గిన్నె అడుగు

1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి వద్ద గ్యాసు బావి పేలి, 65 రోజులు మండినది. దిండి ప్రాంతపు పెద్దలకు ఆ సంగతి ఇంకను జ్ఞాపకముండును. మంట ఆకాశమునకు లేచినను, దాని నాలుక తగులని కొబ్బరిచెట్లు కూడ మాడిపోయినవి. అది సెగ దెబ్బ. పచ్చగా వెలుగు పెద్దమంట తన వేడిలో కొంత భాగమును ఎండవలె దూరమునకు విసరును.

వంటపొయ్యి మీది నీలిమంట తీరు వేరు. దానికి సెగ తక్కువ. దాని వేడిలో ఎక్కువ భాగము గిన్నెను తాకినప్పుడే అందును. నాలుగైదు గేదెల పేడతో గోబరు గ్యాసు చేసికొను రైతు దీనిని గుర్తెరిగినచో గ్యాసు రాత్రి వంటకు కూడ మిగులును. లేనిచో మధ్యాహ్నమునకే డ్రమ్ము క్రుంగును.

కాలువలో గట్టు ప్రక్క నీరు నడిమి నీటివలె పరుగెత్తదు. అట్లే గిన్నె అడుగును అంటి పలుచని గాలిపొర ఒకటి కదలక నిలుచును. వేడికి అదియే అడ్డు. మంట వేగముగా వచ్చి అడుగునకు కొట్టినచోట ఆ పొర పలుచబడి వేడి జొరబడును. పిమ్మట మంట అడుగు వెంట నలుప్రక్కలకు ప్రాకుచు, పోను పోను చల్లబడును. కావున గిన్నె అడుగు వెడల్పుగా నుండవలెను. మంట అంచు దాటి పైకి వచ్చినచో ఆ వేడి ఇంటి దూలములకే గాని కుడితికి కాదు. మంట పెద్దదైన వంట త్వరగా నగుననుట మా విద్యార్థులలో కూడ కలదు!

ఎత్తు ముఖ్యము. బర్నరుపై కనబడు చిన్న నీలిమొనలు గిన్నె అడుగునకు అంటీ అంటనట్లుండవలెను. మరీ దూరమైనచో చుట్టుప్రక్కల చల్లగాలి కలిసి మంట నీరసించును. మొనలు అడుగునకు గ్రుచ్చుకొన్నచో చల్లని లోహము తగిలి గ్యాసు సగము కాలియే ఆరును. అప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన వంటయింట అది ప్రాణము తీయగలదు. కిటికీ తెరచియే వండవలెను.

లెక్క చూడుడు. లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 70 కిలోకేలరీలు కావలెను. ఘనమీటరు గోబరు గ్యాసు సుమారు 4,700 కిలోకేలరీలిచ్చును. అందులో 55 శాతము గిన్నెకు చేరినచో లీటరు నీటికి 27 లీటర్ల గ్యాసు చాలును. 35 శాతమే చేరినచో 43 లీటర్లు పట్టును. ఇరువది లీటర్ల కుడితికి తేడా 300 లీటర్లు దాటును. అనగా సుమారు 8 కిలోల పేడ వృథా.

సిలిండరు గ్యాసు పొయ్యిని దీనికి తగిలింపరాదు. గోబరు గ్యాసు కాలుటకు తనకు ఆరింతల గాలి చాలును. సిలిండరు గ్యాసునకు పాతికింతలకు పైగా కావలెను. రెండింటి జెట్ కంతలు వేరు. గోబరు గ్యాసు పొయ్యిలోనైనను మంట పచ్చబడి మసి పట్టినచో గాలి కంతను కొంచెము తెరువవలెను; మంట బర్నరును విడిచి ఎగురుచున్నచో కొంచెము మూయవలెను. అడుగున పట్టిన మసి వేడిని అడ్డును గనుక తోమివేయవలెను.

మీ పొయ్యికి తగిన ఎత్తును మీరే కనుగొనవచ్చును. ఒకే గిన్నెలో రెండు లీటర్ల నీరు పోసి, మంట మార్చక, గడియారము చూచి మరుగువరకు కాచుడు. గిన్నె చల్లారిన పిమ్మట ఇనుప కడియము క్రింద పెట్టి, అరఅంగుళము ఎత్తున కొత్త నీటితో మరల కాచుడు. నీలిమొనలు అడుగును తాకని ఎత్తులలో ఏది తక్కువ నిమిషములు తీసికొనునో, కడియమును ఆ ఎత్తుకే చేయించుడు.