జాబితాలో పేరు చెడిపోకుండా: లినక్స్ కంప్యూటర్లలో తెలుగు, ఉర్దూ అక్షరాల సంగతి

వితంతు పింఛన్ల జాబితాలో ఒక మనిషి పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు అచ్చయితే చాలామంది కంప్యూటరు పాడైపోయిందనుకుంటారు. నిజానికి యంత్రానికి ఏమీ కాలేదు. దానిలోకి ఏ లిపి వస్తుందో, దాన్ని ఎలా దాచాలో ఎవరూ చెప్పలేదు, అంతే. అయితే నష్టం మాత్రం నిజమైనదే. జాబితా చూసి పేరు పిలిచే కుర్రవాడు ఏమని పిలవాలి? దాత ఇచ్చిన డబ్బు చేరాల్సిన చేతికి చేరిందని ఆడిటరు ముందు పెట్టే కాగితం కూడా అదే కదా.

స్వచ్ఛంద సంఘాల ఆఫీసుల్లో ఉండేవి ఎక్కువగా పాత కంప్యూటర్లే. కొన్ని దాతలు ఇచ్చినవి, కొన్ని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. వాటి మీద లినక్స్ వేసుకోవడం తెలివైన పని. లైసెన్సు ఖర్చు ఉండదు, పాత యంత్రం మీదా హాయిగా నడుస్తుంది. తెలుగు రాదేమోనన్న భయం అక్కర్లేదు. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ అనే సంస్థ కార్యకర్తలు లినక్స్ మెనూలను తెలుగులోకి తెచ్చి, తెలుగు లినక్స్‌నే తయారుచేసి పంచారు. ఇక్కట్లు వచ్చేది లినక్స్ ఎక్కించే రోజున. భాష అడిగిన చోట అమెరికా ఇంగ్లీషు అని ముందే గుర్తుపెట్టి ఉంటుంది, ఎక్కించేవారు తొందరలో అలాగే ముందుకు నొక్కేస్తారు.

కంప్యూటరు అక్షరాలను దాచుకోదు, అంకెలనే దాచుకుంటుంది. ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ అంటే 65. మన ‘అ’ అంటే 3077. ఉర్దూ అలిఫ్ అంటే 1575. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఇలా ఒక్కో అంకె ఇచ్చే పట్టికే యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. భారత ప్రభుత్వం అంతకుముందే తయారుచేయించిన ఇస్కీ పట్టికలోని వరసనే మన లిపులకు తీసుకున్నారు. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గదులు కేటాయించారు.

ఈ అంకెలను ఫైల్లో రాసుకునే పద్ధతుల్లో ఇప్పుడు అందరూ వాడేది యూటీఎఫ్-8. దీన్ని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఇందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగుకు మూడు బైట్లు పడతాయి. తెలుగులో గుణింతం గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘రహీమ్’ అనే పేరు ఇంగ్లీషులో 5 బైట్లు, ఉర్దూలో 8, తెలుగులో 15. ఈ లెక్క ఎందుకంటే, పాత ప్రోగ్రాముల్లో పేరుకు 20 బైట్లే ఉంచిన సందర్భాలున్నాయి. అక్కడ ‘గౌసుద్దీన్’ అని కొడితే ‘గౌసుద్’ దగ్గర తెగిపోతుంది. పేరు రాసినవారిని తప్పుపట్టి లాభం లేదు.

ఇక రోగాన్ని బట్టి మందు. తెర మీద అక్షరాలు చెడి కనిపించడంలో రకాలున్నాయి. చూడగానే తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

చతురస్రపు డబ్బాలు కనిపిస్తే అది ఫాంటు లేకపోవడం. సమాచారం భద్రంగా ఉంది, చూపించడానికి బొమ్మ లేదు, అంతే. లోహిత్ తెలుగు, తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉచితంగా దొరుకుతాయి. నస్తాలీఖ్ వేయకపోయినా ఉర్దూ కనిపిస్తుంది గానీ అరబ్బీ పుస్తకాల్లో ఉండే నస్ఖ్ తీరులో వస్తుంది. మన పెద్దవాళ్లు దాన్ని చూసి మొహం చిట్లిస్తారు, వాళ్ల మాట వినడమే మంచిది. 2010లో వచ్చిన కొత్త రూపాయి గుర్తు బదులు డబ్బా కనిపించినా కారణం ఇదే, ఫాంటు అంతకన్నా పాతది.

నెత్తిన గీతతో చిన్న ‘ఎ’, దాని పక్కన ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ సున్నా, ఈ జంటే మళ్లీ మళ్లీ కనిపిస్తే అది తెలుగే. తెలుగు యూటీఎఫ్-8ను పాత పడమటి యూరప్ పట్టికతో చదువుతున్నారన్నమాట. అడ్డగీత కొట్టిన పెద్ద ‘ఓ’లు, టోపీ పెట్టిన ‘యు’లు బారులు తీరితే అది ఉర్దూ. ఇక్కడా ఏమీ పోలేదు. ఫైలును అలాగే సేవ్ చేయకుండా మూసేసి, లిబ్రాఫీస్‌లో మళ్లీ తెరిచి, క్యారెక్టర్ సెట్ అని అడిగిన చోట యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకుంటే పేర్లు తిరిగొస్తాయి. ఆ పిచ్చి గీతల మీదే సేవ్ చేస్తే తప్పు మీద తప్పు పేరుకుని విడదీయడం కష్టమవుతుంది.

ప్రశ్నార్థకాలు అన్నిటికన్నా చెడ్డవి. తెలుగు పట్టని చోట తెలుగును దాచబోతే కంప్యూటరు ఒక్కో అక్షరం బదులు ఒక్కో ప్రశ్నార్థకం రాసేస్తుంది. అసలు అక్షరం ఇక ఎక్కడా ఉండదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఇది తరచు జరిగేది. 2018లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా దాని మామూలు అమరిక లాటిన్-1, అందులో తెలుగుకు, ఉర్దూకు చోటే లేదు. అయితే కంగారుపడి ఏదీ చెరిపేయకండి. కొన్నిసార్లు తెర మీద మాత్రమే ప్రశ్నార్థకాలు వస్తాయి, ఫైల్లో పేరు బాగానే ఉంటుంది. అదే ఫైలును ఇంకో కంప్యూటర్లోనో ఫోన్లోనో తెరిచి చూస్తే సంగతి తేలుతుంది.

ఆ తెర మీది రోగానికే మందు లొకేల్ అమరిక. లొకేల్ అంటే ఈ యంత్రం ఏ భాష, ఏ దేశపు పద్ధతి, ఏ అక్షరాల పట్టిక పాటించాలో చెప్పే చిట్టా. టెర్మినల్ తెరిచి చిన్న బడి ఇంగ్లీషు అక్షరాల్లో లొకేల్ అని కొడితే అది కనిపిస్తుంది. మొదటి వరసలో ఒంటరిగా ‘సి’ అనో ‘పోజిక్స్’ అనో ఉంటే యంత్రానికి ఇంగ్లీషు తప్ప మరో లిపి తెలియదని అర్థం. ఉబుంటు, డెబియన్ యంత్రాల్లో సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ లొకేల్స్ అని కొడితే పొడుగాటి జాబితా వస్తుంది. అందులో ఈఎన్ అండర్‌స్కోర్ ఐఎన్, టీఈ అండర్‌స్కోర్ ఐఎన్, యూఆర్ అండర్‌స్కోర్ ఐఎన్, ఈ మూడింటికీ స్పేస్ బార్‌తో గుర్తు పెట్టాలి. మూడూ యూటీఎఫ్-8వే. తర్వాత ముఖ్యమైనది ఏదని అడుగుతుంది. ఒకసారి లాగౌట్ చేసి మళ్లీ వస్తే అమరిక అమల్లోకి వస్తుంది. ఎల్‌సీ-ఆల్ అనే మాటను శాశ్వతంగా పెట్టేయమని సలహా ఇచ్చేవారుంటారు. అది మిగతా అమరికలన్నిటినీ తొక్కేస్తుంది, దాని జోలికి పోవద్దు.

ముఖ్యమైనదిగా భారతీయ ఇంగ్లీషును పెట్టుకోమని నా సలహా. మెనూల భాష వేరు, మనం దాచే పేర్ల భాష వేరు. మెనూ ఇంగ్లీషులో ఉన్నా యూటీఎఫ్-8 ఉన్నంతవరకు తెలుగు, ఉర్దూ రెండూ చక్కగా నిలుస్తాయి. పైగా ఈ లొకేల్‌లో అంకెలకు కామాలు లక్షల లెక్కన, 1,00,000 అని పడతాయి. తేదీ మన పద్ధతిలో రోజు ముందు, నెల తర్వాత వస్తుంది. ఇది చిన్న విషయం కాదు. 04/03/2024 అన్నది మనకు మార్చి 4, అమెరికా అమరికలో ఏప్రిల్ 3. మధ్యలో మార్చి 31 ఉంది. 80జీ రసీదు మీద ఈ తేదీ తారుమారైతే దాత ఇచ్చిన విరాళం మరో ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది.

2017లో తెలంగాణ ప్రభుత్వం ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసింది. దరఖాస్తులు రెండు భాషల్లోనూ వస్తాయి కాబట్టి ఉర్దూకే ప్రత్యేకమైన ఒక చిక్కు చెప్పాలి. అరబ్బీ కీబోర్డులోని కాఫ్, యే వేరు, ఉర్దూ కీబోర్డులోని కాఫ్, యే వేరు. పదం మధ్యలో చూపుకు రెండూ ఒకటే, అంకెలు మాత్రం వేరు. ‘కరీమ్’ను ఒకరు అరబ్బీ కీబోర్డుతో, మరొకరు ఉర్దూ కీబోర్డుతో కొడితే కంప్యూటరు దృష్టిలో ఇద్దరు మనుషులు. వెతికితే ఒకరే దొరుకుతారు, జాబితాలో మాత్రం ఇద్దరుంటారు. ఒకే ఇంటికి రెండుసార్లు సాయం వెళ్లిందన్న ఫిర్యాదు ఇలాంటి జంట పేర్ల నుంచీ పుట్టవచ్చు. అన్ని యంత్రాల్లోనూ ఉర్దూ కీబోర్డు ఒకటే ఉంచి, పాత జాబితాలో అరబ్బీ అక్షరాలను వెతికి మార్చేయడం ఒక పూట పని. అలాగే లొకేల్ ‘సి’లో ఉంటే ఉర్దూ పేర్ల వరస కూడా చెడుతుంది. ‘పే’ అక్షరం అంకె పెద్దది కావడంతో పాషాలు, పర్వీన్‌లు అందరూ వావ్ తర్వాతకు, జాబితా చివరకు పోతారు.

ఏ అమరికతోనూ కుదరని సంగతి ఒకటుంది. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ యూనికోడ్ కావు. అను ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ప్రెస్సులో పుటలు అందంగానే వస్తాయి, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు మిగులుతాయి. వీటికి మార్పిడి ప్రోగ్రాములు ఉన్నాయి. మార్చాక మాత్రం ఒత్తులు, దీర్ఘాలు మనిషి కూర్చుని సరిచూడాల్సిందే.

మీ మొహల్లా నుంచి అర్హుల జాబితాలు పంపే దాతలు డీటీపీ సెంటరులో కొట్టించనక్కర్లేదు. ఫోన్లోని తెలుగు లేదా ఉర్దూ కీబోర్డుతో కొట్టి మామూలు మెసేజ్‌గా పంపినా చాలు, అది యూనికోడ్‌లోనే వస్తుంది. పాత కంప్యూటరు ఇవ్వదలచినవారు అందులో ఏ సిస్టం ఉందో చూసుకోనక్కర్లేదు. హార్డ్ డిస్క్‌లోని మీ సొంత ఫైళ్లు మాత్రం ముందే తీసేసుకోండి.